వాన పడితే నిండే తరగతి

ఇంతవరకూ ఎవరితోనూ అనని మాట ఇది. వాన మొదలైతే నాకు ఎవరో వస్తున్నారనిపిస్తుంది. నిన్న పనిమీద బంజారా హిల్స్ వెళ్తుంటే జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగింది. పైకప్పు మీద చినుకులు టపటపమన్నాయి. ఎండకు కాగిన బండరాళ్ళ మీద నీళ్ళు పడ్డ వాసన కిటికీలోంచి లోపలికొచ్చింది. పక్కసీటావిడ అద్దం మూయమంటే మూశాను గానీ, ఫిల్మ్‌నగర్ వైపు తిరిగే రోడ్డును కనబడినంతసేపూ చూస్తూనే ఉన్నాను. ఆ దారిన నాకోసం వచ్చేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.

ఆ ఎదురుచూపు నాకు సుభద్ర మేడమ్ దగ్గర అలవాటైంది. ఆవిడ పరిశోధకురాలు. కాలేజీ చదువు వదిలేసిన పెద్దవాళ్ళు మళ్ళీ చదువుకు ఎలా వస్తారు, వచ్చి ఎందుకు నిలవలేకపోతారు అన్నది ఆవిడ పట్టుకున్న ప్రశ్న. ప్రభుత్వం ఆ పరిశోధనకు నిధులిచ్చింది. ఫిల్మ్‌నగర్ బస్తీలో ఒక గది కూడా ఇచ్చింది. దూరవిద్యలో డిగ్రీ కట్టిన సినిమా పనివాళ్ళకు ఆదివారాలు అక్కడ పాఠాలు చెప్పించేవాళ్ళం, వాళ్ళ చదువు ఎలా సాగుతోందో గమనించి రాసేవాళ్ళం. ఏ గోడ మీద చూసినా కంప్యూటర్ కోర్సుల ప్రకటనలే ఉన్న రోజులవి. మా ఆఫీసు జూబ్లీహిల్స్‌లో ఒక మేడమీది గది. కింద డబ్బింగ్ థియేటర్. దాని తలుపు తెరిచినప్పుడల్లా ఎవరిదో ఒకటే ఏడుపు, బాగా కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ వినబడేది.

నేను చేరిన రోజు మేడమ్ తన ఎదుటి కుర్చీ చూపించారు. "కూర్చో మాధవీ. ఇవాళ నిన్నే అడుగుతాను."

"నన్నా మేడమ్?"

"ఎం.ఏ. మధ్యలో వదిలేశావుగా. ఒకరి ఇంటికి ప్రశ్నలు పట్టుకెళ్ళేముందు ఆ కుర్చీలో మనం కూర్చోవాలి. ఇక్కడ చేరిన అందరూ కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను."

ఎందుకు మానేశావని ఆవిడ అడగలేదు. ఆ ప్రశ్న మా ఆఫీసులో నిషిద్ధం. ఎందుకని అడిగితే మనుషులు సంజాయిషీ చెప్తారు, చివరిరోజు గురించి అడిగితే జరిగింది చెప్తారు అనేవారు. "నువ్వు ఆఖరిసారి క్లాసుకెళ్ళిన రోజు చెప్పు. ఏం వేసుకున్నావు? ఎలా వెళ్ళావు?" అంటూ మొదలుపెట్టారు. నీలం చుడీదార్ అన్నాను. తర్వాత ఆపలేకపోయాను. సెమినార్‌లో కాగితం పట్టుకుని నిలబడ్డాననీ, గొంతు పెగల్లేదనీ, వెనక బెంచీలో ఒకడు నా నోరు తెరవడం మూయడం అనుకరిస్తే తరగతంతా నవ్విందనీ చెప్పాను. ఇంట్లో మాత్రం బోరబండ నుంచి బస్సులు దొరకడం లేదని చెప్పి మానేశాను. అప్పటిదాకా నా డైరీలో కూడా ఆ రోజు పేజీ ఖాళీగానే ఉంది. మేడమ్ ఓదార్చలేదు. కాసేపు ఊరుకుని, "టీ తాగుదామా?" అన్నారు.

"నాకు మనుషులతో మాట్లాడ్డం రాదు మేడమ్," అన్నాను, ముందే చెప్పేస్తే మంచిదని.

"మరీ మంచిది. వాళ్ళు మాట్లాడతారు."

నిజంగానే మాట్లాడారు. యాదమ్మ కాస్ట్యూమ్స్ విభాగంలో ఇస్త్రీ చేసేది. పెళ్ళితో ఆగిన చదువును పిల్లలు పెద్దయ్యాక మళ్ళీ అందుకుని, బి.ఏ.లో చరిత్ర తీసుకుంది. లైట్‌మన్ మల్లేశ్‌కు ఆమెను ఆటపట్టించడమే పని.

"అక్కా, డిగ్రీ పాసైతే హీరోయిన్ చీరలు ఇంగ్లీషుల ఇస్త్రీ జేస్తవా ఏంది?"

"నా సంగతి నీకెందుకురా? నువ్వు జర లైటు సక్కగ పట్టు. మొన్న హీరో మొఖమే కనవడలే."

తరగతి నవ్వేది. నేను కూడా, తల దించుకుని. కానీ ఆ నవ్వులు అన్ని ఆదివారాలూ ఉండేవి కావు. ఒక వారం గది కిటకిటలాడేది, మరో వారం మేడమ్, నేను, పాఠం చెప్పే మాస్టారు ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్ళం. వీళ్ళకు నిలకడ లేదని మాస్టారు విసుక్కునేవారు. చాలా వారాలు మనసులోనే దాచుకుని, ఒకరోజు మెట్లు దిగుతూ మేడమ్‌తో అన్నాను. "వాన పడితే వస్తున్నారు మేడమ్."

ఆవిడ మెట్టుమీదే ఆగిపోయారు. వాన పడితే ఎక్కడైనా బడి ఖాళీ అవుతుంది. ఇక్కడ ఔట్‌డోర్ షూటింగ్ ఆగిపోతుంది, ప్యాకప్ చెప్పేస్తారు, వీళ్ళు తడుచుకుంటూ పుస్తకాలు పట్టుకుని వస్తారు. ఎండ కాస్తే పనికి పోతారు. పోకపోతే తర్వాతి షూటింగ్‌కు పిలుపు రాదు. నిలకడ లేనిది వాళ్ళకు కాదు, ఆదివారానికి. మేడమ్ ఆ విషయం మీద నివేదికలో ఒక అధ్యాయమే రాశారు. దాని కింద నా పేరు పెట్టారు.

అసలు చిక్కు చలికాలంలో వచ్చింది. పరిశోధన గడువు పొడిగించాలో వద్దో, గది ఉంచాలో తీసేయాలో తేల్చడానికి నిధులిచ్చిన శాఖ నుంచి ఒక అధికారి వస్తానన్నారు. షూటింగులు జోరుగా సాగే ఎండపొడ రోజులవి. ముసురు పట్టిన రోజు చూసి రమ్మని మేడమ్ ఫోన్‌లో అడిగారు. అవతల నవ్వు నాకు కూడా వినబడింది. అప్పటికే ఆవిడ చిక్కిపోయి ఉన్నారు. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం వచ్చేది.

ఆ ఆదివారం ఆకాశం తుడిచినట్టుంది. యాదమ్మ, మల్లేశ్ వికారాబాద్ అడవిలో షూటింగ్‌లో ఉన్నారు. అధికారి మంచి మనిషే. గది చుట్టూ చూసి నెమ్మదిగా అన్నారు. "మేడమ్ గారూ, మీ నివేదికలో మనుషులున్నారు. ఇక్కడ కుర్చీలే ఉన్నాయండీ."

మేడమ్ ఏదో చెప్పబోయారు, దగ్గు తెర అడ్డం వచ్చింది. అంతలో ఎవరిదో గొంతు వినబడింది. అది నాదే.

"వాన పడితే వస్తారు సార్. అప్పుడు ఈ కుర్చీలు చాలవు."

ఆయన నావైపు తిరిగారు. "వానను నమ్ముకుని నిధులు ఇవ్వండని నేను పైకి ఎలా రాయనమ్మా? ఇదే గదిలో కంప్యూటర్లు పెడితే రోజూ నిండుతుంది."

అదీ అబద్ధం కాదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మేడమ్ కళ్ళు మూసుకునే ఉన్నారు. చెక్‌పోస్టు దాటాక, "నీ గొంతు బాగానే వినబడింది," అన్నారు, అంతే.

గడువు పొడిగించలేదు. గదికి తాళం పడింది. కొన్నాళ్ళకు ఒక ఆదివారం అకాల వాన పడితే, ఆ మర్నాడు యాదమ్మ బోరబండ మార్కెట్‌లో ఎదురైంది. ఆమే మొదలుపెట్టింది.

"ఆఖరి రోజు గురించి అడగవా బిడ్డా? మీరు గదే అడుగుతరు గదా." నవ్వింది గానీ ఆ నవ్వు నిలవలేదు. "నిన్న వాన పడ్డది, ప్యాకప్ అన్నరు. గిదే మోక అని ఉరికొచ్చిన. తాళమున్నది. జరసేపు చూరు కింద నిలబడ్డ, ఎవరన్న వస్తరేమో అని. మల్ల పోయిన. గదే నా ఆఖరి రోజు, రాసుకో."

నేను రాసుకోలేదు. ఆమె మళ్ళీ పరీక్షకు కట్టలేదని తర్వాత విన్నాను. ఆ గదిలోకి కంప్యూటర్లు వచ్చాయి, కుర్రాళ్ళతో నిండింది కూడా.

ఇప్పుడు నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో, ఉద్యోగం వదిలి వెళ్ళేవాళ్ళతో మాట్లాడే పని చేస్తున్నాను. ఎందుకు వెళ్తున్నారో కనుక్కోమంటారు. నేను అలా అడగను. ఎదుటి మనిషి ఊరుకుంటే నేనూ ఊరుకుంటాను. సాటివాళ్ళు దాన్ని నా బిడియం అనుకుంటారు. కొంతవరకూ నిజమే. మిగిలినది మేడమ్ దగ్గర నేర్చుకున్నది. ఎం.ఏ. పూర్తి చేద్దామని పుస్తకాలు తెచ్చుకున్నాను. ఇంకా కట్టలు విప్పలేదు.

ఆవిడను చివరిసారి చూసింది ఎండాకాలంలో, బంజారా హిల్స్ ఆసుపత్రిలో. మందుల మత్తులో ఏ నెలో తెలియని స్థితి. గది మూసేశారని ఆవిడకు తెలుసు, కానీ ఆరోజు గుర్తులేదు. యాదమ్మ చెప్పింది నేను ఆవిడకు చెప్పలేదు. ఇకముందు చెప్పే వీలు కూడా లేదు. నా చెయ్యి పట్టుకుని, వచ్చే ఆదివారం తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందని అడిగారు.

"నా దగ్గరే మేడమ్," అన్నాను.

ఆవిడ మొహం తేలికపడింది. కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారనుకుని లేవబోయాను.

"అయితే నువ్వు ముందే వెళ్ళి తలుపు తియ్యి. వచ్చినవాళ్ళు బయట నిలబడకూడదు."