పేరు చెబితేనే పాట ఆగుతుంది

ఆ రోజుల్లో ఏన్కూరు దగ్గర మా ఊళ్లో ఫోన్లు లేవు. ఉన్నా, ఎవరూ మనసులో మాట బయటపెట్టేవాళ్లు కారనుకోండి. ఒక యేడు కాముని పున్నమికి వాలీబాల్ నెట్ కోసం చందాలు పోగుచేయాల్సి వచ్చింది. ఎప్పుడూ పాడే కోలాటం పాటలు కాకుండా, కిరాయికి ప్రేమపాటలు పాడదామని మా జట్టు తీర్మానించింది. పైసలిచ్చి ఇల్లు చూపిస్తే చాలు, ఆ వాకిట్లో డప్పు కొట్టి పాడతాం. పంపిందెవరో లోపలివాళ్లు పేరు చెప్పేదాకా పాట ఆపం. ఈ షరతు నాదే. (ఎవరూ నేర్పకుండానే లెక్కలు నేర్చినవాణ్ని. గబగబా పేరు చెప్పేస్తే గబగబా మరో ఇంటికి పోవచ్చని నా లెక్క.)

మొదటి గిరాకీ మా బావే. అక్క అప్పటికి అలిగి మా ఇంటికొచ్చేసింది. "పెళ్లయిన కాడికెల్లి 'ఓయ్' అనే పిలుస్తడు. పేరు పెట్టి పిలిచిన్నాడే పోత" అని భీష్మించుకు కూర్చుంది. బావకేమో నలుగురిలో భార్య పేరు పలకాలంటే చెమటలు. "పాటల మీరే పిలువుండ్రి బావమర్దీ" అని నా చేతిలో పైసలు పెట్టి, మా గడ్డివాము వెనక దాక్కున్నాడు.

పాటలో తన పేరు వినగానే అక్క వాకిట్లోకి వచ్చింది.

"ఎవరు పంపిండ్రో చెప్పక్కా."

"నీకు తెల్వదా?"

అప్పుడు గుర్తొచ్చింది, మా దగ్గర ఆడవాళ్లు మొగుడి పేరు పలకరని! (నా లెక్కలో ఈ అంకె లేదు.) ఈసారికి వదిలేద్దామంటే జట్టువాళ్లు వినలేదు, డప్పు ఇంకా పెంచారు. నిజం చెప్పాలంటే, ఆ పేరు అక్క నోట ఎట్లా ఉంటుందో వినాలని నాకూ ఉబలాటమే.

"కారేపల్లాయన."

"ఊరు కాదక్కా, పేరు!"

"మీ బావ."

"వరుస కాదు!"

వాకిలంతా జనం. "జల్దీ చెప్పు బిడ్డా, చెవులు పోతున్నయ్" అన్నాడు నాన్న. "పోనీ నేను చెప్తనే" అంది పక్కింటి అవ్వ. "పాట నీకు పంపలే అవ్వా!" అన్నాడు డప్పు కొట్టేవాడు.

అక్కకు ఒళ్లు మండింది. గొంతెత్తి బావను పేరు పెట్టి అరిచింది. డప్పు ఆగిపోయింది. గడ్డివాము వెనక నుంచి, బడిలో హాజరు పలికినట్టు, "ఆఁ!" అని వినిపించింది. తలనిండా గడ్డితో బావ బయటికొచ్చాడు. అందరూ నవ్వుతుంటే అక్క మాత్రం నవ్వలేదు.

"నేను పిలిచిన. మరి నువ్వు?"

బావ నేల చూశాడు, ఆకాశం చూశాడు, చివరికి అక్కను చూశాడు. డప్పు లేకుండా, రాగం లేకుండా, ఆమె పేరు పలికాడు. అక్క లోపలికి పోయి సంచి సర్దుకుంది.

మిగిలిన ఇళ్లకు పోవడానికి పొద్దు చాల్లేదు. ఆ యేడు చేపల వల కట్టి ఆడాం.

మొన్న ఇదంతా తలుచుకుంటూ, నేను మా ఆవిడను ఎన్నిసార్లు పేరు పెట్టి పిలిచానో లెక్కవేద్దామని కూర్చున్నాను. వేళ్లు ముడవకముందే లెక్క అయిపోయింది.

"ఏంది, ఒక్కరే నవ్వుకుంటున్నరు?" అంది వంటింట్లోంచి.

గొంతు సవరించుకున్నాను. డప్పు ఉంటే బాగుండుననిపించింది.