రోడ్డు పక్క పాయింట్లు

కరోనా తర్వాత తరగతులు మళ్లీ మొదలైన ఏడాది నేను భూగోళశాస్త్ర విభాగంలో ప్రొఫెసర్‌ని. రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లుంది. ఆ జనవరిలో నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పద్మ థీసిస్ సమర్పించాలి. రిజిస్ట్రేషన్ గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు. మూడోసారి పొడిగించరు. ఆ తేదీ దాటితే ఆరేళ్ల చదువు గంగలో కలిసినట్టే.

పద్మది కొడంగల్ దగ్గర పల్లె. తండ్రి ఈరప్ప గొర్రెలు కాస్తాడు. పద్మ వికారాబాద్‌లో గది అద్దెకు తీసుకుని, యూనివర్సిటీకి రైల్లో వచ్చిపోయేది. వికారాబాద్ నుంచి తాండూరు దాకా భూమి వాడకం ఎలా మారిందన్నది ఆమె పరిశోధన. ఉపగ్రహ చిత్రంలో ఒక్కో రంగు ఒక్కో రకం భూమి. ఏ రంగు ఏమిటో తేల్చాలంటే మనిషి అక్కడికి వెళ్లి కళ్లతో చూసి, జీపీఎస్ రీడింగు తీసుకుని, ఫీల్డ్ బుక్‌లో రాయాలి. మా భాషలో అది గ్రౌండ్ ట్రూత్, అలా చూసిన ఒక్కో చోటు ఒక పాయింటు. ఆ పాయింట్లను బట్టే కంప్యూటర్ మిగతా చిత్రాన్ని తేలుస్తుంది. గైడ్ ఆ పుస్తకాన్ని పరిశీలించి ధ్రువీకరణ సంతకం పెట్టాలి. పద్మ పుస్తకంలో ప్రతి పేజీలోనూ నా సంతకం ఉంది.

గడువుకు తొమ్మిది రోజుల ముందు విభాగంలో ఆఖరి సెమినార్ జరిగింది. తాండూరు చుట్టూ బీడు భూములు విపరీతంగా పెరిగాయని, రైతులు సేద్యం వదిలేస్తున్నారని పద్మ తేల్చింది. అంతా తలలూపారు. మా జూనియర్ లెక్చరర్ ఒకాయన మాత్రం, పాయింట్లను చూపే ఈ చుక్కలన్నీ తాడు పట్టి పెట్టినట్టు ఒకే వరసలో ఎందుకున్నాయని అడిగాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. శాంపిలింగ్ గురించి మీరు నాకు చెప్పనక్కర్లేదని ఆయన నోరు మూయించాను.

గదికి వచ్చాక మాత్రం మనసు ఊరుకోలేదు. ఆ చుక్కల్ని సర్వే పటం మీద వేసి చూశాను. చుక్కలన్నీ పరిగి, కొడంగల్, తాండూరు బస్సు దారి మీదే ఉన్నాయి. పద్మను పిలిచి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె తలొంచుకుని అంతా విని, చివరికి అంది:

"బస్సు దిగి, రోడ్డు మీదికెంచి ఎంత కనవడితే గంత రాసుకున్న మేడం. లోపల క్వారీల దిక్కు ఒక్కదాన్ని పోవాల్నంటే భయమయితుండె. మీరు పాయింట్లు ఎన్నయినయని అడిగిండ్రు గని, ఎట్ల పోతున్నవని ఒక్కనాడన్న అడుగలె."

ఆడదాన్ని అయి ఉండి నాకే ఆ ఆలోచన రాలేదు. సంతకాలు పెట్టిన రోజుల్లో నేను చూసింది పేజీల సంఖ్యే.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం రైల్లో తాండూరు వెళ్లాం. పద్మ కబురు పెట్టడంతో ఈరప్ప ముందే వచ్చి, స్టేషన్ దగ్గర ఆటో మాట్లాడి ఉంచాడు. చిత్రంలో బీడుగా చూపిన పెద్ద మచ్చ వైపు బయల్దేరి, ఆటో పోలేని చోట దిగి నడిచాం. కోసిన కంది చేలు దాటగానే ఎదురుగా తెల్లటి గుట్టలు. నాపరాయి గనుల్లోంచి తీసి పారబోసిన రద్దు. పలుచటి రాతి ముక్కలు, పొడి. కాలు పెడితే జారుతోంది. రోడ్డు పక్క బీడు చిత్రంలో ఏ రంగులో ఉందో, ఈ రద్దూ దాదాపు అదే రంగులో ఉంది. రోడ్డు పక్క పాయింట్లే ఇచ్చాం కాబట్టి కంప్యూటర్ దీన్నీ బీడు కింద కట్టేసింది.

పటంలో దీన్ని బీడని రాశామని ఈరప్పతో చెప్పాను. ఆయన నవ్వలేదు.

"బీడెట్లయితది మేడం? బీడయితే నా గొర్లు మేస్తుండె గద! గిది శీనప్పోళ్ల కంది చేను. రద్దు పోసి మూసేసిండ్రు. నేను మందను గిటు తోలక మూడేండ్లాయె."

సేద్యం వదిలేశారన్న మా నిర్ధారణ అక్కడికక్కడే కూలిపోయింది. చేను రాళ్ల కింద పడింది. మేమేమో తప్పు రైతు మీదికి నెట్టాం.

ఇక్కడ నేను దాచకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది. తిరిగి నడుస్తూ, గడువు లోపల ఉన్నదున్నట్టు సమర్పించేద్దామని, తర్వాత వ్యాసం రాసేటప్పుడు సవరించుకుందామని పద్మతో అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పద్మ ఆగిపోయింది.

"మా నాయిన చూసిండు గద మేడం. ఇగ బీడని ఎట్ల రాస్త?"

నాలుగు రోజులు ముగ్గురం రోడ్డు వదిలి తిరిగాం. ఈరప్ప ముందు, పద్మ జీపీఎస్‌తో వెనక, నేను ఆయాసపడుతూ ఆఖరున. మిగిలిన నాలుగు రోజుల్లో పద్మ పటం మళ్లీ తయారుచేసి, రెండు అధ్యాయాలు తిరగరాసింది. పాత పాయింట్లు ఎలా తీసుకున్నదీ ఒక పేజీలో ఉన్నదున్నట్టు పెట్టింది. ఆఖరి రోజు పరీక్షల విభాగం కౌంటర్ మూస్తుండగా ప్రతులు లోపలికి తోశాం. గుమస్తా మమ్మల్ని తినేసేలా చూశాడు.

మౌఖిక పరీక్షకు వేరే రాష్ట్రం నుంచి ఒక పెద్దాయన పరీక్షకుడిగా వచ్చారు. థీసిస్ పక్కన పెట్టి ఫీల్డ్ బుక్ అడిగారు. పాత పేజీలు తిప్పి, అవి చూపిస్తూ ఎందుకిలా జరిగిందని అడిగారు. పద్మ తప్పు తనదేనని చెప్పడం మొదలుపెట్టింది. గైడ్ అక్కడ మాట్లాడకూడదు. అయినా లేచాను.

"ఆ సంతకాలు నావి. చూడకుండా పెట్టాను," అన్నాను.

ఆయన పుస్తకం మూసి, మమ్మల్ని బయట కూర్చోమన్నారు. వరండాలో పద్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. లోపలికి పిలిచాక, డిగ్రీకి సిఫారసు చేస్తున్నానని పద్మతో చెప్పారు. నాతో ఏమీ అనలేదు. అనాల్సింది నేనే అనేశాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ముగ్గురికి గైడ్‌గా ఉన్నాను. పాయింట్లు ఎన్నయ్యాయని అడిగే ముందు ఎలా వెళ్తున్నావని అడిగాను. పటంలో రోడ్డుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న పాయింటు దాకా వాళ్లతో నడిచి వెళ్లి, అక్కడే నిలబడి సంతకం పెట్టాను.