మల్లయ్య మిస్డ్ కాల్

2018 వానాకాలం. అప్పుడు నేను జగిత్యాలలో ఒక మొబైల్ కంపెనీకి ఫీల్డ్ ఇంజినీర్‌ని. ఇటు గొల్లపల్లి, అటు కోరుట్ల, మనుషులు తక్కువైతే సిరిసిల్ల దాకా మా టవర్లకు ఏ జబ్బు చేసినా నేనే వైద్యుణ్ని. ఊళ్లలో మమ్మల్ని ఇంజినీర్లని ఎవరూ అనరు, 'టవరాయన' అంటారు. సిగ్నల్ ఉన్నన్నాళ్లూ మేము ఎవరికీ గుర్తురాం. పోయిందంటే మాత్రం మా ఇల్లెక్కడో కూడా కనుక్కుని వస్తారు.

ఆ రోజుల్లో మా నెట్‌వర్క్‌ది వింత కాపురం. ఇంటర్నెట్ కొత్త 4జీలో నడిచేది, మాట పాత 2జీలో నడిచేది. 4జీలో ఉన్న ఫోనుకు కాల్ వస్తే అది ఉన్నపళంగా 2జీలోకి దిగి ఆ కాల్ అందుకోవాలి. దీన్ని మేము 'ఫాల్‌బ్యాక్' అంటాం. దిగినంతసేపూ ఇంటర్నెట్ ఆగిపోతుంది. మళ్లీ పైకెక్కడానికి ఫోను బద్ధకిస్తుంది. మాటను కూడా డేటాగా మార్చి రెండింటినీ ఒకే దారిలో పంపే పద్ధతి 'వోల్టీ'. అది అప్పటికే పెద్ద ఊళ్లకు వచ్చింది. మా వైపు ఇంకా రాలేదు.

గొల్లపల్లి దగ్గరి ఒక ఊరి నుంచి రజిత అనే అమ్మాయి ఫిర్యాదు మీద ఫిర్యాదు పెడుతోంది. భర్త శ్రీనివాస్ సౌదీలో పని చేస్తున్నాడు. బిడ్డ పుట్టిన కొన్నాళ్లకే వెళ్లాడు. రజిత పుట్టింట్లో ఉండి బీడీలు చేసుకుంటోంది. సాయంత్రం అతను డ్యూటీ బస్సు ఎక్కేలోపు దొరికే కాసేపే వాళ్లకు వీడియో కాల్. సరిగ్గా ఆ కాసేపట్లోనే లైను తెగిపోతోంది.

"రోజు గిట్లనే సార్. మంచిగ మాట్లాడుకుంట ఉంటం, ఒక్కసారే బొమ్మ ఆగిపోతది. మల్ల కలిసేసరికి ఆయనకు బస్సొస్తది. బిడ్డ ఫోన్ల ఉన్నాయననే డాడీ అనుకుంటది సార్, గదన్న సక్కగ సూసుకోనియ్యరు మీరు" అంది రజిత.

చివరి మాట నాకు గుచ్చుకుంది. మనిషిని టవరెక్కించి యాంటెన్నా వంపు సరిచేయించాను. వాళ్ల వాకిట్లో నిలబడి టెస్ట్ ఫోనుతో కొలిచాను. సిగ్నల్ బంగారంలా ఉంది. ఫాల్‌బ్యాక్ అనుమానం వచ్చి అడిగాను కూడా.

"ఆ టైంకు నీకు ఎవరన్న ఫోన్ చేస్తరా అమ్మా?"

"ఎవ్వరు చెయ్యరు సార్."

ఇక దారి లేక ఒక సాయంత్రం వాళ్లింటి అరుగు మీదే కూర్చున్నాను. రజిత బీడీల చాటకు ఫోను ఆనించి పెట్టింది. తెర మీద శ్రీనివాస్, వెనకాల ఇనుప మంచాలు, తీగ మీద ఆరేసిన బట్టలు. పాప కొత్త పట్టీలు చూపించడానికి కాలెత్తింది. అతను మొహాన్ని తెరకు దగ్గరగా తెచ్చాడు. అంతలో ఫోను మూలన 4జీ గుర్తు పోయింది, బొమ్మ ఆగింది, ఫోను ఒక్కసారి మోగి ఊరుకుంది. తెర మీద 'మామ' అని పేరు. పాప కాలు దించకుండా అలాగే నిలబడింది.

"ఎవరమ్మా అది?"

"మా మామ సార్, ఆయన వాళ్ల నాయిన. సిరిసిల్లల ఉంటడు. మిస్డ్ కాల్ ఇచ్చిండు."

"ఎవ్వరు ఫోన్ చెయ్యరంటివి గద?"

"ఫోన్ చెయ్యలే గద సార్. మిస్డ్ కాల్ ఇచ్చిండు."

ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు చూసింది. నాకు కోపం రావాలి, నవ్వొచ్చింది. ఆమె అబద్ధమేమీ చెప్పలేదు. మా వైపు ఫోన్ చేస్తారు, మిస్డ్ కాల్ ఇస్తారు. చేసేది వేరు, ఇచ్చేది వేరు. నేనూ ఈ నేల మీద పుట్టినవాణ్నే, అయినా అడగడం చేతకాలేదు.

ఆ మామ పేరు మల్లయ్య, సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో పని చేస్తాడు. అక్కడ వాటిని సాంచలంటారు. ఆ మోతలో పక్క మనిషి అరిచినా వినపడదు, ఫోనులో మాటలేం వినపడతాయి? అందుకే పనిలో ఉండగానే బొత్తాల ఫోను తీసి, కోడలి నంబరు నొక్కి, ఒక్క రింగుకు కట్ చేస్తాడు. తిన్నాను, బాగానే ఉన్నాను అని దానికి అర్థం. ఎప్పుడూ వచ్చేదే కాబట్టి ఇంట్లో ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. నెట్‌వర్క్ మాత్రం తీసుకుంది. ఫోను మోగాలన్నా దాన్ని 2జీలోకి దించాల్సిందే.

నేను విషయం చెప్పగానే రజిత ఆయనకు ఫోన్ చేసింది. షెడ్డు బయటికొచ్చినట్టున్నాడు, మాట తేటగా వినిపించింది.

"మామా, గా టైంకు మిస్డ్ కాల్ ఇయ్యకు. మీ కొడుకు లైన్ కట్ అయితుంది."

"నేనా బిడ్డా కట్ చేస్తున్నది?" అన్నాడాయన. ఫోను పెట్టేశాడు.

నేను సంతోషంగా ఇంటికి వెళ్లిపోయాను. చలికాలం మొదట్లో మా వైపు టవర్లకు వోల్టీ వచ్చింది. ఆ హడావుడిలో ఉండగా రజిత పాపనెత్తుకుని జగిత్యాల ఆఫీసుకు వచ్చింది.

"మల్ల కట్ అయితుందా?" అన్నాను.

"లేదు సార్. మామనే బందు వెట్టిండు. ఏ టైంకు ఇస్తలేడు. మా ఆయన రోజు అడుగుతుండు, నాయిన ఇచ్చిండా అని. నేను ఫోన్ చేస్తే మంచిగనే ఉన్న బిడ్డా అని పెట్టేస్తడు. వేరే టైంకు ఇయ్యమన్న, వద్దన్నడు. ఆడ సౌదీల మా ఆయన తిండి సక్కగ తింటలేడు సార్."

బాగు చేశాననుకున్నది ఇదా అనిపించింది. ఆమె ఫోనులో అప్‌డేట్ వేసి వోల్టీ ఆన్ చేసి పంపాను. సిరిసిల్ల టవర్ పని పడినప్పుడు, రజితకు ముందే చెప్పి, సాయంత్రం వాళ్ల వీడియో కాల్ వేళకు మల్లయ్యను వెతుక్కుంటూ షెడ్డుకు వెళ్లాను. సన్నటి మనిషి, తల మీద, కనుబొమ్మల మీద దూది నుసి. మోతకు దూరంగా టీ కొట్టు దగ్గరికి నడిచాం. ఇప్పుడు రింగు వచ్చినా లైను తెగదని చెప్పాను. తలాడించాడు తప్ప నమ్మలేదు.

"టచ్ ఫోన్ కొనుక్కోరాదు, కొడుకును నువ్వే చూసి మాట్లాడొచ్చు" అన్నాను.

"వద్దు సారు. మొఖం చూస్తే వాపస్ రమ్మంట. వచ్చి ఏం జేస్తడు? నా తీరుగ గీ సాంచల నడుమ నిలవడాలె." టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. "గందుకే కోడలుకు ఇస్తుంటి. గప్పుడు పోరడు లైన్ల ఉంటడని నాకెరికే. గది మోగితే, నాయిన ఉన్నడని ఆనికి ఎరుకైతది."

ఆ వేళను ఆయన చూసి చూసి ఎంచుకున్నాడన్నమాట. కోడలికి ఇచ్చే మిస్డ్ కాల్ కొడుక్కి. కొడుకును చేరుకోవడానికి ఆయనకు తెలిసిన దారి అదొక్కటే, ఆ దారే కొడుకు లైను తెంపుతూ వచ్చింది. పదేళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను, ఎవరి ఫోను ఎవరి కోసం మోగుతుందో ఎన్నడూ ఆలోచించలేదు.

"ఇప్పుడియ్యి, నేను పక్కనే ఉంట" అన్నాను. జేబులోంచి ఫోను తీసి చాలాసేపు చూశాడు. నొక్కాడు, ఒక్క రింగుకు కట్ చేశాడు. కాసేపటికి నా ఫోను మోగింది. వాళ్లమ్మ ఫోను నుంచి రజిత.

"బొమ్మ ఆగలే సార్. మామ మిస్డ్ కాల్ ఇచ్చిండని చెప్పిన. ఆయన తల దించుకుని కూసున్నడు. ఇంకోసారి ఇయ్యమను అంటుండు సార్."

ఆ మాట మల్లయ్యకు చెప్పాను. చేతికంటిన దూదిని లుంగీకి తుడుచుకుని మళ్లీ నొక్కాడు. ఈసారి ఫోను చెవికి ఆనించుకున్నాడు. వెంటనే కట్ చేయలేదు. అవతల ఎవరూ ఎత్తలేదు. రింగు దానంతటదే ఆగిపోయేదాకా వింటూ నిలబడ్డాడు.

ఇప్పుడు మా కంపెనీలో మాట, డేటా ఒకే దారిలో నడుస్తున్నాయి. అయినా వోల్టీ ఆన్ చేయని ఫోన్లు ఇంకా ఉన్నాయి, వీడియో తెగిపోతోందని ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. నేను ముందుగా టవర్ సంగతి ఎత్తను. "గా టైంకు నీకు మిస్డ్ కాల్ ఎవరిస్తరు?" అని అడుగుతాను. చాలామంది ఎవరూ లేరని చెప్పబోయి, ఆగి, మెల్లగా ఒక పేరు చెబుతారు.