పద్దెనిమిది అని రాయనివ్వని రాహేలు సిస్టర్

నిన్న పొద్దున నర్సింగ్ హోమ్ రిసెప్షన్ నుంచి ఫోన్.

"మేడమ్, రాహేలు సిస్టర్ డ్యూటీకి రాలేదు. మియాపూర్‌లో రూముకు మనిషిని పంపినం..."

ఆ తర్వాతి మాట ఆ అమ్మాయి చెప్పకముందే తెలిసిపోయింది. రాహేలు సిస్టర్ డ్యూటీకి రాకపోవడమన్నది లేదు.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

  

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. అందుకే రాస్తున్నాను.

నిరుడు ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె రోజులు. బస్సులు డిపోల్లో, పిల్లలు ఇళ్లల్లో. మా మనవరాలు శ్రావ్య ఇంటర్ బైపీసీ. డాక్టర్ కావాలని పట్టుదల. అయితే ఆ కలలో తెల్లకోటు ఉంది, స్టెతస్కోప్ ఉంది, పేషెంట్ మాత్రం లేడు.

కాలేజీ ఎలాగూ లేదు కదా అని, చందానగర్‌లో నా పాత స్టూడెంట్ నడిపే నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్లి హెడ్ నర్సు రాహేలు సిస్టర్‌కు అప్పగించాను.

"ముందు నీళ్లు తాగించడం నేర్చుకో అమ్మా, స్టెతస్కోప్ ఎక్కడికీ పారిపోదు" అన్నారావిడ. గుంటూరు వైపు మనిషి. తిట్టినా ఆ మాట మెత్తగానే ఉండేది.

రెండో పని, ఊపిరి లెక్కపెట్టడం.

నాడి చూస్తున్నట్టు పేషెంట్ చెయ్యి పట్టుకోవాలి. కళ్లు మాత్రం ఛాతీ మీద ఉండాలి. లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి మార్చేస్తాడట. నిమిషం నిండా చూడాలి.

నేను జువాలజీ లెక్చరర్‌గా ముప్పై ఏళ్లు శ్వాస వ్యవస్థ పాఠం చెప్పాను. ఒక్క మనిషి ఊపిరీ లెక్కపెట్టలేదు.

నాలుగో రోజు మా పిల్ల చార్టు నింపింది. పదకొండు మంది పేషెంట్లు. అందరికీ పద్దెనిమిదే, పుస్తకంలో ఉండే మామూలు లెక్క.

సిస్టర్ చార్టు చూసి, "పదకొండు మందీ కూడబలుక్కుని పీలుస్తున్నారా తల్లీ?" అన్నారు.

అని ఊరుకోలేదు. అప్పటికప్పుడు ప్రతి మంచం దగ్గరా నిలబడి మళ్లీ లెక్కపెట్టారు. అందులో ఒకాయన పాలమూరు నుంచి వచ్చిన సెక్యూరిటీ గార్డు. ఆయనది ముప్పై నాలుగు. న్యుమోనియా. వెంటనే ఆక్సిజన్ పెట్టారు కాబట్టి బతికాడు.

శ్రావ్య ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. కారణం మాత్రం నాకు చెప్పలేదు.

ఇదేమీ తెలియని నేను రెండు రోజుల తర్వాత వెళ్లి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అడిగాను. అప్లికేషన్లకు పనికొస్తుందని ఎవరో చెప్పారు.

సిస్టర్ జరిగిందంతా చెప్పి, "ఇంకో పది రోజులు చూసి ఇస్తానండి. ఇప్పుడే ఇస్తే అదీ పద్దెనిమిది రాసినట్టే" అన్నారు.

సిగ్గుపడాల్సిన చోట నాకు కోపం వచ్చింది. కారిడార్ నిండా జనం.

"మా కొలువులు చాలలేదా? ఇగ మా పిల్లల సర్టిఫికెట్లు గూడ ఆపుతరా మీ ఆంధ్రోళ్లు?" అన్నాను.

అక్కడున్న మనవాళ్లు ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు. నిజం చెబుతున్నాను, నాకు బాగానే అనిపించింది.

సిస్టర్ చేతిలో ట్రే అలాగే ఉంది. "కొలువుల సంగతి నాకు తెలియదండి టీచర్ గారూ. పాపని రేపు ఏడింటికి పంపండి" అన్నారు.

నేను పంపనన్నాను. శ్రావ్య తనే వెళ్లింది. "అమ్మమ్మా, తప్పు నాది. ఆమెననుడు ఏంది?" అని గడపలో నిలబడి అడిగి మరీ వెళ్లింది.

పది రోజుల తర్వాత సర్టిఫికెట్ వచ్చింది. సిస్టర్ చేతిరాత. ఒకటే వాక్యం: "ఈ అమ్మాయి చూసి రాస్తుంది."

ఆ తర్వాత నేను ఆవిడను ఎన్నిసార్లు కలిశానో. ప్రతిసారీ "బీపీ మాత్ర వేసుకున్నారాండి?" అని అడిగేవారు. వేసుకున్నానని చెప్పి వచ్చేదాన్ని. క్షమించమన్న మాట మాత్రం నోటి దాకా వచ్చి ఆగిపోయేది. శ్రావ్యకు సీటు వచ్చాక స్వీట్ బాక్సుతో వెళ్లి చెబుదామనుకున్నాను. లెక్చరర్ బుద్ధి కదా, రిజల్ట్స్ వచ్చాకే మాట్లాడతాను.

రిజల్ట్స్ ఇంకా రాలేదు. ఆవిడ వెళ్లిపోయారు.

మన రాష్ట్రం మనకు రావాలి. ఆ మాట మీద ఇవాళ కూడా నిలబడతాను. కానీ అది తన పని తాను సరిగ్గా చేసిన మనిషి మొహాన విసరడానికి కాదు. విసిరాను. అదీ నా పిల్ల తప్పును కప్పుకోవడానికి.

పదిమందిలో అన్న మాట కాబట్టి పదిమందిలోనే వెనక్కి తీసుకుంటున్నాను. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లు ఇది కూడా చదవాలి.

రాహేలు సిస్టర్, తప్పు నాది. ఆలస్యం కూడా నాదే.

మీ ప్రభువు దగ్గర ప్రశాంతంగా ఉండండి. అక్కడ కూడా డ్యూటీ అడగకండి.