పొట్టలో దాచిన పుర్రె ముక్క

నాయన బండి వెనక కూర్చుని కంభం నుంచి వస్తుంటే గొర్రెల మంద అడ్డం వచ్చింది. ఆయనకు మోచెయ్యి చెక్కుకుపోయింది, నాకు పుర్రె పగిలింది. గుంటూరులో డాక్టర్లు మెదడు వాపు తగ్గేదాకా అని ఎడమవైపు ఎముక ముక్క తీసి, పాడవకుండా నా పొట్ట చర్మం కిందే దాచారు. మూడు నెలలకు వస్తే తిరిగి అతికిస్తామన్నారు. అందాకా తల మీద ఆ చోట ఎవరి చెయ్యీ పడకూడదు.

ఈ సంగతి మా ఊళ్ళో చెప్పి చూడండి. బ్రెడ్డు, బత్తాయిలు పట్టుకుని పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషీ "మెత్తగా ఉంటదంట, ఏదీ?" అని వేలు చాచడమే. సంతలో గుమ్మడికాయను కూడా అంత చనువుగా నొక్కరు.

అసలు చిక్కు పాస్టరుగారితో వచ్చింది. రోగి తల మీద చెయ్యి వేయనిదే మాకు ప్రార్థన కాదు. ఆయనదేమో చపాతీ పీటంత చెయ్యి, పైగా గొంతు పెరిగేకొద్దీ దాని బరువూ పెరుగుతుంది. అమ్మ అడ్డం పడింది.

"తల మీద వద్దు అయ్యగారూ. ఎముక పొట్టలో ఉండాది. ఆడ పెట్టి చేయండి."

ఆయన పెళ్ళికాని పిల్ల పొట్టవైపు చూసి, గొంతు సవరించుకుని, జానెడు ఎత్తున గాల్లో చెయ్యి ఆపి రెండే ముక్కల్లో ఆమెన్ అనేశారు. వారం తిరిగేసరికి ఊరంతా నా పొట్ట గురించే గుసగుసలు. పగిలిన తల ఎవరికీ అక్కర్లేకపోయింది.

అందాకా నవ్వుకున్నాను. మూడు నెలలు నిండాక నవ్వు రాలేదు. బంధువులకు కొత్త తెలివి పుట్టింది. "జుట్టు వచ్చింది గదా, పక్కకు దువ్వితే కనపడదు. పెళ్ళి కావాల్సిన పిల్లకు మళ్ళా కోత ఏంది?" పుర్రె ఉన్నది జడ వేసుకోవడానికే అన్నట్టు! నాయన వాళ్ళ మాటకు తలూపేవాడు. ఆసుపత్రి మాటెత్తితే మేకల దొడ్డికి వెళ్ళిపోయేవాడు. ఆ పక్కకు తిరిగి పడుకోవాలంటే నాకు భయం, వంగితే భయం. ఒళ్ళు మండి ఒక మధ్యాహ్నం నాయనను అనేశాను.

"పగలగొట్టింది నువ్వే. అతికించుకోవడానికీ నువ్వే అడ్డమా?"

నాయన దొడ్డివైపు రెండడుగులు వేసి ఆగాడు.

"ఆ పొద్దు ఆపరేషనుకు ముందు కాగితం ఇచ్చినారు. బిడ్డ బతకకపోయినా మాకు సమ్మతమే అని రాసి ఉండె. సంతకం పెట్టినాను. ఇంకోసారి ఆ సంతకం పెట్టలేనమ్మా."

ఊరంతా నా తల నొక్కి చూడాలనుకుంది. ఆయన ఒక్కడే ఆ వైపు కన్నెత్తి చూడలేదని అప్పుడు తట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా క్షమాపణ చెప్పలేదు, మా ఇంట్లో ఆ అలవాటు లేదు.

తర్వాతి వారం నాయనే నన్ను గుంటూరు తీసుకెళ్ళాడు. నర్సమ్మ మళ్ళీ అదే కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. నేను లాక్కున్నాను. నాకు ఇరవై రెండేళ్ళు, నా తలకు నేనే సంతకం పెడతానన్నాను. పెన్ను ఆనించగానే కాగితం జారింది. నాయన కాగితం కదలకుండా రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు.