అడితిలో దొరికిన మీసాల పురుగు

ఆమెను వీధిలో అందరూ పురుగుల డాక్టరనేవారు. మ్యూజియంలో కీటకాల గది ఆమెది. పెళ్లి మాట ఎత్తితే నవ్వేసేది. అక్క ఇంటి మేడ మీదే మకాం. తల నెరుస్తున్నా బావకు ఆమె ఇంకా "పిల్లా"యే. ఆయనకు కలప అడితి ఉంది, దాన్నానుకుని కోత మిల్లు.

ఓడలో వచ్చిన దుంగను రంపానికి ఎక్కిస్తుంటే అందులోంచి నల్లటి పెంకుపురుగు ఒకటి బయటికొచ్చింది. పట్టుకోబోయిన కోతపనివాడి వేలిని చీల్చి నెత్తురు కళ్లజూసింది. బావ దాన్ని సీసాలో వేసి మ్యూజియానికి తెచ్చాడు.

"ఇదిగో పిల్లా, నీ చుట్టం. కాస్త బుద్ధి చెప్పు."

ఒంటికి రెండింతలున్న మీసాలు చూడగానే ఏ కుటుంబమో తెలిసిపోయింది. ఆ కుటుంబంలో ఎవరి బిడ్డో మాత్రం అంతుపట్టలేదు. మీసానికి పదకొండు కణుపులు ఉండాల్సింది, పన్నెండున్నాయి. దవడలు కత్తెరలా ఒకదాని మీదొకటి ఎక్కాయి. గదిలోని నమూనాలన్నీ తీసి పోల్చింది, ఒక్కటీ కలవలేదు. చివరికి ఆ పురుగును చంపి, గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, కడుపు కోసి మగ అవయవాన్ని వేరు చేసింది. జాతి తేలేది అక్కడే. దాన్నీ, ఒక మీసాన్నీ చిన్న సీసాలో భద్రపరిచి బల్ల సొరుగులో పెట్టింది. దీని దగ్గరి బంధువులు సముద్రం అవతల పచ్చని చెట్లను లోపల్నుంచి తొలిచి చంపేవి. ఇది మాత్రం ఇంతవరకూ ఎవరూ వర్ణించని జాతి.

ఒళ్లు ఝల్లుమంది. మరుక్షణం బావ సరుకు గుర్తొచ్చింది. ఆయన్ను పిలిపించింది.

"దుంగలు కాల్చెయ్యాలి బావా. లోపల దీని పిల్లలుంటాయి. బయటపడితే ఊళ్లో చెట్టు మిగలదు."

"మొత్తమా?"

"మొత్తం."

"పురుగే లేకపోతే?"

ఆయన లేచి తలుపు గడియ పెట్టాడు. బల్ల మీది పురుగును నేలకేసి చెప్పుకాలితో నలిపేశాడు. అద్దాల పెట్టెలు ఒక్కొక్కటే గోడకేసి కొట్టాడు. సీసా కోసం ఆమె సొరుగులో చెయ్యి పెట్టింది. ఆయన ఆ ఇనప సొరుగును కాలితో తన్నాడు. వేళ్లు పటపటా విరిగాయి. మళ్లీ తన్నాడు.

ఆమె ఎడంచేత్తో మైక్రోస్కోపు ఎత్తి ఆయన ముఖం మీద కొట్టింది. ఆయన జుట్టు పట్టి ఆమె తలను బల్లకేసి బాదాడు. నెత్తురు కళ్లలోకి కారుతుండగా ఆమె మళ్లీ కొట్టింది. ఆయన గాజుపెంకుల మీద కూలబడి "చాలు పిల్లా" అన్నాడు. ఆ మాట ఆమెకు వినిపించింది. అయినా కొట్టింది. కావలివాడు తలుపు విరగ్గొట్టుకొచ్చి చెయ్యి పట్టుకుంటేగానీ ఆగలేదు.

సొరుగులో చిన్న సీసా పగల్లేదు. కొత్త జాతని రుజువు చెయ్యడానికి అది సరిపోయింది. అధికారులు దుంగలు చీలిస్తే బొటనవేలంత తెల్లటి పురుగులు రాలాయి. అడితంతా తగలబెట్టారు. బావకు ఒక కన్ను పోయింది, ఆ పైన జైలు. విరిగిన వేళ్ల కంటే, వినిపించినా ఆగని తన చెయ్యే ఆమెను నిద్రపోనివ్వలేదు.

అక్క చాలాకాలం మాట్లాడలేదు. ఒక మధ్యాహ్నం మేడ మెట్లెక్కి వచ్చింది.

"చెయ్యి ఇలా తే."

వంకరపోయిన వేళ్లకు నూనె రాస్తూ, ప్రాణం పోయేంత గట్టిగా నలిపింది. చెల్లెలు చెయ్యి లాక్కోలేదు.