దారి చెబుతూ తెచ్చుకున్న ప్రాణం

రండి, ఈ చాప మీదికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద పప్పు ఉడికేలోగా మా పక్కింటి అప్ప తన మొగుణ్ణి బస్సెక్కించి ఇంటికెలా తెచ్చుకుందో చెబుతాను. నవ్వొచ్చిన చోట నవ్వండి, తప్పులేదు. చివరికి ఆవిడా నవ్వింది.

తొంభైల నాటి మాట. నర్సీపట్నంలో మేం మార్కెట్టు వెనకాల వరసిళ్ళలో ఉండేవాళ్ళం. ఒకే పెంకుకప్పు కింద అయిదారు గదులు, అందరికీ ఒకటే కుళాయి. మా పక్క గదిలోకి సముద్రపొడ్డు నుంచి ఒకావిడ అద్దెకొచ్చింది. నక్కపల్లి అవతల పల్లె ఆవిడది. వేటకెళ్ళిన మొగుడు గాలివానలో చిక్కుకున్నాడు. తెప్ప చెక్కలు ఒడ్డుకొచ్చాయి, మనిషి రాలేదు. ఆ ఒడ్డు చూస్తూ బతకలేక ఇంటికి తాళం వేసి మా ఊరొచ్చి మార్కెట్లో చేపలమ్ముకునేది. నాకంటే పెద్దది గనక నేను అప్ప అనేదాన్ని. ఆవిడ నన్ను సెల్లీ అనేది.

ఓనాడు మా అత్తగారు గిన్నెడు నెత్తళ్ళ చేపల ఇగురు తీసుకెళ్ళి ఇస్తే అప్ప చేతులు వెనక్కి పెట్టేసుకుంది.

"నాను తిన్ను పిన్నీ. ఆ నీట్లోనే మా ఆయనున్నాడు."

"మరి గంపెడు గంపెడు అమ్ముతన్నావేటే?" అంది మా అత్త. ఆవిడ నోటికి గడియ లేదు.

"అమ్మడం పొట్టకి. తినడం నా వల్ల కాదు."

పొద్దుగూకితే గడప అవతల ఓ గ్లాసు నీళ్ళు, ఓ ముద్ద అన్నం పెట్టేది. కుక్కలు తినిపోయేవి. బంధువులు వచ్చి, దొరకని మనిషికి గడ్డి బొమ్మ చేసి కర్మ చేయిస్తారు, నువ్వూ చేయించు అన్నారు. "గడ్డికి ఊపిరెప్పుడుంది, పోడానికి?" అని పంపేసింది.

నాతో మాత్రం అసలు సంగతి చెప్పింది. "మనిషి పోతే ముక్కు దగ్గర సెయ్యెట్టి చూస్తాం కదా సెల్లీ. నా సెయ్యి చూడలేదు. నా సెయ్యికి తెలీకుండా పోయినాడని ఎలా అనుకోను? పోయినా ఇంటికే వస్తాడు కదా. వస్తే ఆడ తాళంకప్ప కనబడతాది. ఈ ఊరు ఆయనకి తెలీదు. ఈ గది ఎవులు సెప్తారు?"

ఈ ఏడు చూసి, ఇక్కడి బేరం మానేసి, వెళ్ళి ఆ ఇంటి తాళం తీసి కూర్చుంటానంది. వెళితే ఆ ఒడ్డున తిండి మాని చిక్కి చిక్కి పోతుందని మా అందరికీ తెలుసు.

అప్పట్నుంచి ఎవరు కనబడినా ఒకటే అడిగేది: పోయినాయన ప్రాణం ఎక్కడుంటుంది?

గుడి పంతులు గారు మంచాయన. చేపల గంపకి దూరంగా నిలబడినా మాటకి దూరంగా ఉండేవారు కాదు. "ఆత్మకి తడి అంటదమ్మా. బట్ట మార్చుకున్నట్టు ఒళ్ళు మార్చుకుంటుందంతే" అన్నారు.

"తడి అంటనోడు నా కల్లోకి తడిసెందుకొస్తన్నాడు పంతులు గారూ?" అంది అప్ప.

"ఆలోచించి చెబుతాను" అన్నారాయన. పెద్ద చదువు చదివినాయన అలా అన్నందుకే నాకాయన మీద గౌరవం రెట్టింపైంది.

మా వీధి చివర పరుపులు కుట్టే సాయిబు గారుండేవారు. దూది ఏకుతూ ఆయన చెప్పింది మరోలా ఉంది. దేవుడు మట్టి ముద్ద చేసి, తన ఊపిరి తనే అందులో ఊదాడట. ఊదిన రూహ్, అంటే ప్రాణం, ఆయనదే గనక, తీసుకెళ్ళేదీ ఆయనే. "చూడు చెల్లెమ్మా," అని గదిలో ఎగురుతున్న దూదిపింజని చూపించారు. "ఇదెక్కడికెగిరినా నా గది దాటి పోలేదు. మీ ఆయనా ఆ యజమాని గది దాటలేదు." అప్ప ఆ పింజని చూస్తూ చాలాసేపు కూర్చుంది. గంపలో ఎండకి చేపలు మెత్తబడిపోతున్నాయని నేను గుర్తుచెయ్యాల్సొచ్చింది.

చర్చికెళ్ళే ఆస్పత్రి నర్సమ్మ గారైతే అప్ప గదికే వచ్చారు. గాలి కనబడదు, ఆకు కదిలితే తెలుస్తుంది, ఆత్మా అంతే అన్నారు. ఆ తర్వాతన్న మాట నేనీనాటికీ మర్చిపోలేదు. "లోకం పుట్టకముందు అంతా నీళ్ళేనమ్మా, చీకటి. ఆ నీళ్ళ మీద దేవుని ఆత్మ తిరుగుతూ ఉండేదట."

అప్ప తలెత్తింది. "నీళ్ళ మీదా?"

"నీళ్ళ మీదే."

"అయితే మా ఆయన ఒక్కడే లేడన్నమాట. తోడున్నాడు."

ఆ పూట గడప దగ్గర అప్ప రెండు గ్లాసుల నీళ్ళు పెట్టింది. నర్సమ్మ గారు చూసి, అలా పెట్టకూడదని ఒక్క మాటనలేదు. కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయారు. మనసంటే అదీ.

అయినా అప్ప మనసు కుదుటపడలేదు. ఆత్మ చావదని ఒకరు, యజమాని దగ్గరుందని ఒకరు, తోడుందని ఒకరు. ఆవిడకి కావలసింది ఆయన ఇంటికి రావడం.

సంత రోజున కొండ మీంచి ఒకామె చింతపండు, అడ్డాకులు తెచ్చి, బదులుగా అప్ప దగ్గర ఎండుచేపలు తీసుకెళ్ళేది. ఆమెకిదంతా చెబితే ఆశ్చర్యపోయింది.

"మీ మనిషిని మీరెళ్ళి తెచ్చుకోలేదా అప్పా?"

"తెచ్చుకోడమేటి?"

"మా ఇంట్లో ఎవులైనా బయట పోతే ఆ సోటుకెళ్ళి బియ్యం జల్లి, వరసతో పిలుస్తాం. ముందుగా ఏది కదిలొస్తే అది, సీమో సాలీడో, ఆకులో సుట్టి తెచ్చి ఇంట్లో వొదిలేస్తాం. ఇంక మావోడు ఇంట్లోనే."

"దారిలో తప్పిపోతేనో?"

"దారి సెప్పాల గదా! మలుపు మలుపుకీ సెప్పాల. సిన్నపిల్లడికి సెప్పినట్టు సెప్పాల."

మర్నాడే అప్ప ఇత్తడి చెంబు తోమి, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది.

ఒడ్డున అలలు మెత్తగా ఉన్నాయి. అప్ప కొంగులోంచి బియ్యం తీసి జల్లింది. మా వైపు ఆడవాళ్ళం మొగుడి పేరు పలకం. ఎలా పిలుస్తుందా అని నేను చూస్తున్నాను. ఆవిడ వాకిట్లోంచి కేకేసినట్టే పిలిచింది. "ఓయ్! నాను వచ్చినాను. ఇల్లు మారినాను. రా, ఎల్దాం."

కాసేపు ఏమీ కదల్లేదు. మళ్ళీ పిలిచింది. ఇసకలో ఓ బొక్కలోంచి బొటనవేలంత పీత ఒకటి బయటికొచ్చి, కళ్ళు నిక్కించి, బియ్యపు గింజ దగ్గర ఆగింది. అప్ప రెండు చేతులూ గిన్నెలా బోర్లించి పట్టేసింది. చెంబులో తడి ఇసక పోసి, దాన్ని వదిలి, పలచని గుడ్డ కట్టింది. చెంబు మూతి మీద అరచెయ్యి పెట్టుకుంది.

"కదుల్తన్నాడు సెల్లీ" అంది. ఆ చెయ్యి ఆ మూతి మీంచి ఇంటికొచ్చేదాకా తీయలేదు.

ఇంక బస్సులో చూడాలి! "అదిగో ఉపమాక ఎంకన్న కొండ. దణ్ణం ఎట్టుకో... ఇదే అడ్డురోడ్డు. ఇక్కడ ఎడం సేతికి తిరుగుతాం, గుర్తెట్టుకో." పక్క సీట్లోవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. కండక్టరొచ్చాడు.

"ఎవరికమ్మా చెబుతున్నావు?"

"మా ఆయనకి బాబూ."

అతను అటూ ఇటూ చూసి, "మరి మీ ఆయనేడీ? టికెట్టు తీసుకున్నాడా?" అన్నాడు. బస్సంతా నవ్వు. నేను మెల్లిగా సంగతి చెప్పాను. అతని నవ్వు ఆగిపోయింది. చెంబు వైపు చూశాడు, అప్ప చెయ్యి వైపు చూశాడు. ముందుకెళ్ళిపోయాడు. తర్వాత కోటవురట్ల వచ్చినప్పుడు మా సీటు దగ్గరికొచ్చి, వంగి, చెంబుతో అన్నాడు, "బావా, కోటవురట్ల వచ్చింది. ఇక్కడ దిగకు. ఇంకా ముందుకెళ్ళాలి."

అప్పుడు నవ్వింది మా అప్ప. ఒడ్డు విడిచొచ్చాక మేం చూసిన మొదటి నవ్వది. అక్కణ్ణుంచి నర్సీపట్నం దాకా వెనక సీటు ముసలాయనతో సహా అందరూ దారి చెప్పినవాళ్ళే. "ఇది వంతెన బావా." "ఇది రైసు మిల్లు."

ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుందామని చెంబు మా అరుగు మీద పెట్టాం. అంతే, లోపల్నుంచి మా అత్త గొంతు: "ఒక్క పీత తెచ్చినారేటర్రా? పులుసుకి ఏ మూలకీ?" వెళ్ళి చూద్దును కదా, ఓ చేత్తో చెంబు, ఓ చేత్తో కత్తిపీట! "ఓలమ్మో, ఆయన పిన్నీ, ఆయన!" అని అప్ప పెట్టిన కేకకి వరసిళ్ళన్నీ బయటికొచ్చాయి. మా అత్త కత్తిపీట వదిలేసి చెంబుకి దణ్ణం పెట్టింది. "తప్పైపోనాది అల్లుడూ, సూసుకోలేదు" అంది.

అప్ప గదిలో దీపం పెట్టి పీతని వదిలింది. అది ఆగి, పక్కకి నడిచి, మళ్ళీ ఆగి, తిన్నగా మూలనున్న చేపల గంప కిందికి దూరిపోయింది.

"గంప గుర్తుపట్టినాడు" అంది అప్ప. అని కూలబడి ఏడ్చింది. అన్నాళ్ళూ ఏడవని ఏడుపంతా ఏడ్చింది. మా అత్త ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుంది.

తెల్లారి గంప ఎత్తితే పీత లేదు. కాలవలోకి పోయిందో, పిల్లి పాలైందో నాకు తెలీదు. "ఇంట్లో కలిసిపోయినాడు" అంది అప్ప.

పంతులు గారికి ఇదంతా చెప్పాం. "మా శాస్త్రంలో ఇలా లేదమ్మా. ఉంటే బాగుండేది" అన్నారు. ఆయనే దగ్గరుండి కర్మ చేయించారు, గడ్డి బొమ్మ లేకుండా. ఆ మధ్యాహ్నం అప్ప నెత్తళ్ళ ఇగురు వండి, కొండామె తెచ్చిన అడ్డాకులో ముందు ఆయనకి వడ్డించింది. తర్వాత తనూ ఓ ముద్ద కలుపుకుని, మా అందరి ముందూ తింది. పల్లెలో ఇంటి తాళంచెవి మరిదికి పంపించేసింది. మార్కెట్లో గంప అలాగే నడిచింది. రెండువేల సంవత్సరం దాటి, మేం ఆ వరసిళ్ళు ఖాళీ చేసేదాకా ఆవిడ ఆ గదిలోనే ఉంది.

ఆత్మ అనే మాట ఎక్కడ పుట్టిందో నాకు చెప్పేంత చదువు లేదు. నాకు తోచిందొకటే. పోయిన మనిషి ముక్కు దగ్గర మొదటిసారి చెయ్యి పెట్టిన వాళ్ళెవరో, ఊపిరి తగలక, "ఇప్పటిదాకా ఉన్నది ఎటెళ్ళింది?" అని అడిగుంటారు. పంతులు గారూ, సాయిబు గారూ, నర్సమ్మ గారూ, కొండామే, అందరూ ఆ ఒక్క ప్రశ్నకే జవాబు వెతికారు. ఎవరి జవాబు చూసినా పోయినవాణ్ణి ఒంటరిగా వదిలెయ్యలేదు. అందుకే ఆ నలుగురికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

పప్పు ఉడికినట్టుంది, వాసనొస్తోంది. మీ ఇంట్లోంచి వెళ్ళినవాళ్ళకి తిరిగొచ్చే దారి తెలియాలి. ఉన్నవాళ్ళ ఊపిరి చల్లగా ఉండాలి. మీ పొయ్యి మీద కూడు, మీ గడప మీద దీపం ఏనాడూ తప్పకూడదు.